మాస్టారి ఫోరెయిటీసిక్స్

గుంటూరులో చాలా డీటీపీ సెంటర్లకు పుట్టిల్లు టైపు ఇన్‌స్టిట్యూటే. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో పొద్దున ఆరింటికే టకటకలు మొదలయ్యేవి. లోయరుకో హయ్యరుకో కట్టిన పిల్లలు బ్యాచ్‌లవారీగా వచ్చి రెమింగ్టన్ మిషన్ల ముందు కూర్చునేవాళ్లు. తొంభైల మొదట్లో ఆ మిషన్లను ఒక్కొక్కటే గోడవారకు జరిపి, హాలు మధ్యలో అద్దాల గది కట్టించి, అందులో కంప్యూటరు పెట్టిన మాస్టార్లలో మా మాస్టారొకరు. బయట బోర్డు మీద టైపు, షార్ట్‌హ్యాండ్ అన్న మాటల కింద కొత్త పెయింటుతో ‘డీటీపీ, లేజర్ ప్రింట్లు, శుభలేఖలు’ అని చేరింది. నేనప్పుడు తెలుగు హయ్యరు పాసై ఖాళీగా తిరుగుతున్నాను. “వేళ్లు ఆడుతున్నాయిగా, రేపణ్ణించి లోపల కూర్చో” అన్నారు. అదే ఇంటర్వ్యూ.

మిషన్ 486 డీఎక్స్2. 66 మెగాహెర్ట్జ్, 8 ఎంబీ ర్యామ్, 425 ఎంబీ హార్డ్ డిస్కు. ‘ఫోరెయిటీసిక్స్ ఉందట’ అంటే మా లైనులో అదొక హోదా. ముందువైపు తాళంచెవి రంధ్రం, టర్బో బటను, ఎర్రంకెల్లో 66 అని చూపించే చిన్న కిటికీ. ఆ గదికి మడి ఎక్కువ. చెప్పులు బయటే విప్పాలి. ఏసీ కంప్యూటరు కోసం. మనిషికి చల్లగా తగిలితే అది వాడి అదృష్టం. మానిటరుకు గుడ్డ ముసుగు, కీబోర్డుకు ప్లాస్టిక్ ముసుగు, బల్లకింద యూపీఎస్. కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమనేది, ముందు గదిలోంచి మాస్టారు “సేవ్ చేశావా?” అని కేకేసేవారు. ఆ కేక వినబడేలోపే వేళ్లు వాటంతటవే కంట్రోలు, ఎస్ మీదికి పోయేవి.

పని పంచాంగాన్ని బట్టి నడిచేది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే శుభలేఖలు. ఆషాఢంలో, మూఢాల్లో ఈగలు తోలుకోవడం. మార్చిలో ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు. అవి కొట్టేటప్పుడు అద్దాలకు పేపర్లంటించి గది మూసేవాళ్లం. ఎన్నికలొస్తే కరపత్రాలు, రాత్రిళ్లు టీ ఫ్లాస్కులు. మధ్యలో కవులు. వాళ్లు ఏ సీజన్లోనైనా వచ్చేవాళ్లు, డబ్బులు మాత్రం పుస్తకం అమ్ముడుపోయాక. శుభలేఖ తెచ్చినాయన చేతిలో ఎప్పుడూ నలిగిన చీటీయే. పెళ్లికొడుకు పెదనాన్నల పేర్లు ఏ వరుసలో పడాలన్న తగువు మా టేబులు దగ్గరే తేలేది. “బాబూ, ఒక్క చిన్న మార్పు” అని నాలుగోసారి వచ్చే పెద్దమనిషికి మాస్టారు కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించేవారు. మేం లోపల పళ్లు కొరుక్కునేవాళ్లం.

ప్రూఫులు చూడ్డానికి ఒకాయన ఉండేవారు. అందరం బాబాయి అనేవాళ్లం. ముప్ఫై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు. ట్రెడిల్ ప్రెస్సు మూతబడ్డాక, ఆ ప్రెస్సును మూయించిన పనికే ప్రూఫ్ రీడరుగా వచ్చి చేరారు. ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, ఆయనా ఎత్తలేదు. వచ్చిన కొత్తలో మానిటరు వెనక్కి వంగి చూసి, “ఇందులో అక్షరాలెక్కడుంటాయిరా?” అని అడిగారు. మేం నవ్వాం. కానీ గోడకంటించిన కీబోర్డు చార్టు చూపించగానే, మాలో ఎవరికన్నా ముందు దాని గుట్టు ఆయనకే పట్టుబడింది.

ఎందుకంటే ఆ చార్టు ఆయనకు తెలిసిన కేసే, అచ్చక్షరాలు పెట్టుకునే గడుల పెట్టే. సీసపు టైపులో ప్రతి తెలుగు అక్షరాన్నీ ఉన్నదున్నట్టు పోతపోయడం కుదరదు. గుణింతాలు, వత్తులు లెక్కేసుకుంటే గడులు చాలవు. అందుకని కొన్ని ఆకారాలు నిండుగా, కొన్ని ముక్కలుగా పోస్తారు. కంపోజిటరు వాటిని స్టిక్కులో జతచేస్తాడు. డీటీపీ ఫాంటూ అదే పని చేసింది. అప్పటి ఫాంటులో ఉన్నవి 256 గడులు, వాటిలోనూ కొన్ని వాడుకోవడానికి లేవు. ఇంగ్లీషు అక్షరాలుండే గడుల్లోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ‘క’ ఒక గడిలో, ‘కి’ ఇంకో గడిలో, ర వత్తు మరోచోట. స్క్రీను మీద అవి పక్కపక్కన పడి ‘క్రి’ అనిపిస్తాయి. కంప్యూటరుకు మాత్రం అది ‘క్రి’ అని తెలియదు. అను, శ్రీలిపి, ఇంకా అలాంటి ప్యాకేజీలు ఎన్నో వచ్చాయి. ఏ ముక్క ఏ గడిలో ఉండాలో ఎవరి లెక్క వారిది. ఒకరి ఫాంటులో కొట్టిన ఫైలు ఇంకొకరి ఫాంటులో తెరిస్తే కలగాపులగం. పైగా ప్రింటరు పోర్టుకు డాంగిల్ తగిలిస్తేనే ప్యాకేజీ నడిచేది. రాత్రి ఇంటికెళ్లేటప్పుడు మాస్టారు డాంగిల్ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. క్యాష్ పెట్టె మాత్రం టేబులు సొరుగులోనే.

అప్పట్లో మాకూ నెట్‌వర్కు ఉండేది. దాని పేరు బస్సు.

మామూలు పనికి బటర్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి ఊళ్లోనే ఆఫ్‌సెట్‌కు ఇచ్చేవాళ్లం. రంగుల పనికి ఫిల్ము కావాలి. ఫిల్ము ఔట్‌పుట్ అంటే విజయవాడ. ఫైలు ఫ్లాపీలో పట్టదు, ఫ్లాపీకి 1.44 ఎంబీయే. ఏఆర్‌జే అనే ప్రోగ్రాంతో ఫైలును ముక్కలు కోసి, ఒక్కో ఫ్లాపీకి ఒక్కో ముక్క ఎక్కించి, రబ్బరు బ్యాండు వేసి, కుర్రాడి చేతికిచ్చి బస్సెక్కించేవాళ్లం. కృష్ణ దాటి గవర్నర్‌పేటకు పోవాలి. గంట ప్రయాణం. బస్సులో స్పీకరు పక్కన కూర్చోవద్దని ఒట్టు వేయించుకునేవాళ్లం, అయస్కాంతం తగిలితే ఫ్లాపీ చెడుతుందని భయం. అక్కడ మొదటి రెండూ ఎక్కి మూడోది చదవకపోతే, ఎస్టీడీ బూత్ నుంచి ఫోనొచ్చేది. మళ్లీ కొత్త ఫ్లాపీ, మళ్లీ బస్సు. అందుకే తెలిసినవాళ్లు ప్రతి ముక్కనూ రెండు ఫ్లాపీల్లో పంపేవాళ్లు.

షాపులో రెండో కంప్యూటరు వచ్చాక లోపల కూడా ఒక తీగ పడింది. ప్రింటరు ఒక్కటే, మిషన్లు రెండు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి, అంటే అందరూ సీటీసీ అనే చోటు నుంచి, రెండు నెట్‌వర్కు కార్డులు తెప్పించారు. టీవీ కేబులుకు అన్నదమ్ముడి వరసయ్యే నల్ల కోయాక్సియల్ తీగ. ప్రతి కార్డు వెనకా ‘టీ’ ఆకారంలో ఒక ఇత్తడి ముక్క, తీగ రెండు చివర్లా 50 ఓముల టెర్మినేటరు. ఆ టెర్మినేటరు చూడ్డానికి చిన్నదే కానీ, ఊడిందంటే మొత్తం నెట్‌వర్కు పడిపోతుంది. పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల తోరణం ఒక్క బల్బుతో ఆరిపోయినట్టు. తుడిచే ఆమె చీపురు తగిలిందంటే మాస్టారి మొహం మాడిపోయేది. అలాంటి తీగ 185 మీటర్ల దాకా లాగొచ్చని కాగితంలో రాసి ఉంది. మాది పన్నెండడుగులు.

ఇంటర్నెట్ అన్న మాట మాకు ముందు పేపర్లోనే తగిలింది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దాన్ని జనానికి తెరిచింది, అదీ పెద్ద నగరాల్లో. మా దాకా వచ్చేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. సంచార్‌నెట్ ప్యాకెట్టు కొనుక్కుని 172233 కొడితే మోడెం కీచుమంటూ, గరగరమంటూ కాసేపు గోలపెట్టి కలిసేది. నెట్టు కలిసినంతసేపూ ఫోను ఎంగేజి. శుభలేఖల సీజన్లో ఫోను ఎంగేజైతే బేరం పక్క షాపుకు పోతుంది. కాబట్టి మాస్టారు రాత్రి షట్టరు సగం దించాకే మోడెం ముట్టనిచ్చేవారు. అప్పటికే ఆ భాగ్యం కొత్తగా వచ్చిన పెంటియంకు దక్కింది. ఫోరెయిటీసిక్స్ మూలకు జరిగి పాత ఫైళ్లకు, లెటర్‌హెడ్లకు పరిమితమైంది. పన్నెండడుగుల తీగ దాటి బయటి లోకం దానికి తెలియదు.

తర్వాతి కథ అన్ని ఊళ్లలోనూ ఒకటే. రెడీమేడ్ కార్డులు, ఫ్లెక్సీలు, చివరికి వాట్సాప్‌లో కదిలే శుభలేఖలు. సీసాన్ని మేం తప్పించాం, మమ్మల్ని ఫోను తప్పించింది. షాపు మూతబడింది. బాబాయి పోయారు, కొన్నేళ్లకు మాస్టారూ పోయారు. నేను చాలాకాలం క్రితమే ఊరు వదిలి, కంప్యూటర్లకు తీగలు లాగే ఉద్యోగంలో స్థిరపడ్డాను.

ఆమధ్య మాస్టారి అమ్మాయి ఫోను చేసింది. “అన్నయ్యా, నాన్న పాత కంప్యూటరు అటక మీదుంది. పాత సామాన్ల అబ్బాయి అడుగుతున్నాడు. అందులో మనకు కావాల్సింది ఏమన్నా ఉందా?” ఉంది. ఆషాఢం మధ్యాహ్నాల్లో పని లేనప్పుడు బాబాయి చెబుతుంటే మాస్టారు టైపు చేసుకున్న పేజీలు. అచ్చుపని ఎలా జరిగేదో మొదటి నుంచి చివరిదాకా. ఎప్పటికైనా పుస్తకం వేస్తామనేవారు. వేయలేదు. ప్రింటు తీసిన కాపీ ఇంట్లో ఎక్కడా దొరకలేదని ఆ అమ్మాయి చెప్పింది. “అమ్మొద్దమ్మా, వస్తున్నా” అన్నాను.

డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టరుకు తగిలించి లాగేసుకోవచ్చుగా అని మా ఆఫీసు కుర్రాళ్లు అడిగారు. అంత పాత డిస్కులు అన్నీ ఆ అడాప్టర్లకు చిక్కవు. ఇంకో సంగతి, ఫైలు బయటికొచ్చినా దాన్ని చదివే ప్యాకేజీ ఆ మిషన్లోనే ఉంది, దానికి తాళమైన డాంగిల్ తగిలేదీ ఆ మిషన్‌కే. కాబట్టి మిషన్ లేచి నిలబడాలి, దాన్ని ఇంటి నెట్‌వర్కులో కలపాలి. ఆ పని చూసినవాడికి ఏది ఎంతకాలం బతుకుతుందో అర్థమవుతుంది.

క్యాబినెట్ విప్పగానే మదర్‌బోర్డు మీద గొట్టంలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, చుట్టూ పచ్చటి తుప్పు. ఆ కాలపు మిషన్లు ఎక్కువగా దీనివల్లే చస్తాయి. బ్యాటరీ కత్తిరించి, వెనిగర్‌తో తుడిచి, స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాను. తీగల గీతలు ఇంకా తెగలేదు. స్విచ్చి వేస్తే ర్యామ్ లెక్కపెట్టుకుని, హార్డ్ డిస్కు లేదంది. బ్యాటరీ చచ్చాక సెటప్ మొత్తం మరిచిపోయింది. డిస్కు మీది కాగితంలో ఉన్న అంకెలే చేత్తో ఎక్కించాలి: 989 సిలిండర్లు, 15 హెడ్లు, 56 సెక్టార్లు. ఈ మూడూ గుణించి, వచ్చినదాన్ని సెక్టారుకు 512 బైట్ల లెక్కన మళ్లీ గుణిస్తే 425 ఎంబీ. ఆ అంకెలు కొట్టగానే డిస్కు కిర్రుమంది, డాస్ వచ్చింది. తేదీ 1980 జనవరి 1. డాస్‌కు కాలం అక్కణ్ణుంచే మొదలు.

తర్వాత కార్డు. రియల్‌టెక్ చిప్పుతో చేసిన ఎన్ఈ2000 నకలు. మా అదృష్టం, దాని వెనక రెండు బెజ్జాలున్నాయి: ఇత్తడి ముక్క పెట్టేదొకటి, ఇప్పటి నెట్‌వర్కు తీగ పట్టేదొకటి. మదర్‌బోర్డు తేదీతో సహా అంతా మరిచిపోయినా, కార్డు తన చిన్న చిప్పులో అప్పటి సెట్టింగులన్నీ భద్రంగా దాచుకుంది. ఇంటరప్టు 10, అడ్రసు 300, వాడాల్సింది కోయాక్సియల్ బెజ్జం. అంటే రెండో బెజ్జంలో తీగ పెట్టినా, కార్డు ఎప్పటిదో ఆ నల్ల తీగ కోసమే ఎదురుచూస్తుందన్నమాట. దాన్ని మార్చే ప్రోగ్రాం కావాలి. ఆ పైన ప్యాకెట్ డ్రైవరు, డాస్ కోసం మైఖేల్ బ్రట్‌మన్ రాసి ఇప్పటికీ చూసుకుంటున్న ఎంటీసీపీ ప్రోగ్రాములు. ఇవన్నీ నెట్‌లో ఉన్నాయి. నెట్ లేని మిషన్లోకి వాటిని ఎలా ఎక్కించడం? ఫ్లాపీతో. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు తగిలించి, ప్రతి ఫైలూ రెండు ఫ్లాపీల్లో వేసుకున్నాను. కృష్ణ దాటించిన అలవాటు.

డ్రైవరు ఎక్కింది. ఇంటి రౌటరు నుంచి తీగ లాగి పెట్టాను. రౌటరు గిగాబిట్‌ది, అంటే కార్డు కన్నా వంద రెట్లు వేగం. అయినా తీగ అవతల నుంచి వచ్చే చప్పుడు విని, ఇది 10 మెగాబిట్ల పాతకాపు అని గ్రహించి తానే తగ్గింది. రౌటర్‌ను అడ్రసు అడిగే ప్రోగ్రాం నడిపిస్తే, ఫోన్లకూ టీవీకీ ఇచ్చినట్టే దీనికీ ఒక అడ్రసు ఇచ్చింది. పింగ్ కొడితే జవాబు. గదిలో ఉన్న మేనల్లుడు “ఇంతేనా మావయ్యా?” అన్నాడు. ఇంతే. ఆ ‘ఇంతే’లోనే విశేషముంది. ఈథర్నెట్‌ను జిరాక్స్ పార్క్‌లో మొదలెట్టింది 1973లో, ప్రమాణంగా స్థిరపరిచింది 1983లో. ఇంటర్నెట్ ప్రొటోకాల్ కాగితం మీదికొచ్చింది 1981లో. ఒక ప్యాకెట్టు మోసే సరుకు అప్పుడూ 1,500 బైట్ల దాకా, ఇప్పుడూ మామూలుగా అంతే. మధ్యలో వేగం ఎన్ని రెట్లు పెరిగినా, మాట్లాడుకునే పద్ధతి చెడగొట్టలేదు.

టైము కూడా నెట్ నుంచే సరిచేసుకోవచ్చు. మన టైము గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందుంటే, ఆ ప్రోగ్రాంకు మైనస్ ఐదున్నర అని చెప్పాలి. ఆ లెక్క పాత యూనిక్స్ వాళ్లది. తేదీ సరిపడ్డాక, 1985 నాటి ఎఫ్‌టీపీ పద్ధతిలో ఆ మిషన్నే సర్వరుగా పెట్టి, డిస్కు మొత్తం ల్యాప్‌టాప్‌లోకి లాగాను. కొత్త బ్రౌజర్లు ఎఫ్‌టీపీని వదిలేశాయి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లోనే. విడి ప్రోగ్రాంతో తెచ్చుకోవాల్సిందే. ఎఫ్‌టీపీకి దాపరికం లేదు, పాస్‌వర్డు కూడా తీగ మీద పచ్చిగానే పోతుంది. అందుకని ఇంటి గడప దాటనివ్వలేదు. ఫైళ్ల పేర్లన్నీ ఎనిమిదేసి అక్షరాల్లో, పక్కన అప్పటి తేదీలతో వరసగా దిగాయి. మాఘంలో కుప్పలు, ఆషాఢంలో ఖాళీ. మా షాపు పంచాంగం డైరెక్టరీ లిస్టులో కనబడింది.

మేనల్లుడు ఊరుకోలేదు, వెబ్‌సైటు తెరవమన్నాడు. అక్కడ తలుపు మూసే ఉంది. ఈనాటి సైట్లన్నీ దాదాపుగా గుప్తలిపిలోనే మాట్లాడతాయి. 2018లో క్రోమ్ మామూలు హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ ‘సురక్షితం కాదు’ అన్న ముద్ర వేయడం మొదలెట్టాక, పాత దారి ఇంకా ఇరుకైంది. ఆ గుప్తలిపికి పెద్ద పెద్ద సంఖ్యలతో లెక్కలు చేయాలి, ఎవరి సంతకం నమ్మాలో తెలిపే జాబితా దగ్గరుండాలి. ఫోరెయిటీసిక్స్‌కు అంత ఓపికా లేదు, ఇప్పటి జాబితా పుట్టేనాటికి అది మూల చేరింది. దీనికి ఔత్సాహికులు దారి కనిపెట్టారు. మధ్యలో రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు పెడితే, అది పేజీని తాను తెరిచి, మొత్తాన్ని ఒక బొమ్మగా చేసి పాత మిషన్‌కు పంపుతుంది. బొమ్మలో ఎక్కడ నొక్కితే అక్కడి లింకు తెరుస్తుంది. విండోస్ 3.11లో పాత నెట్‌స్కేప్ పెట్టి అలా ఒక తెలుగు పత్రిక పేజీ తెరిచాం. తెలుగు కనబడింది. కానీ అక్షరాలుగా కాదు, బటర్ పేపరు మీద ప్రింటులాగా, చూడ్డానికి మాత్రమే.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. మాస్టారి ఫైలు పేజ్‌మేకర్‌ది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నవేవీ దాన్ని తెరవలేదు. డాంగిల్ తగిలించి ఫోరెయిటీసిక్స్‌లోనే తెరిచి, అందులోంచి టెక్స్టుగా ఎగుమతి చేసి, తీగ మీదుగా తెచ్చాను. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న యూరపు అక్షరాలు. ఒక్క తెలుగు మాట లేదు. మిషన్ నుంచి ఒక్క బైటు పొల్లుపోకుండా వచ్చింది, అయినా ఏమీ రాలేదు. బాబాయి అడిగిన ప్రశ్నకు అప్పుడు మేం నవ్వి ఉండకూడదు. అందులో అక్షరాల్లేవు, ఆకారాలే ఉన్నాయి. ‘క్రి’ అన్నచోట ‘కి’ గడి నంబరు, ర వత్తు గడి నంబరు. యూనికోడ్‌లో అది క, పొల్లు, ర, గుడి, పలికే వరుస. మొదటిదాన్ని రెండోదిగా మార్చాలంటే ఏ గడిలో ఏ ముక్కో తెలియాలి, తెలిశాక ముక్కల వరుస తిరగెయ్యాలి.

మాస్టారి పాత కాగితాల్లో కీబోర్డు చార్టు దొరికింది. అద్దాల గోడకంటించినదే, మూలల్లో టేపు మరకలతో. దాన్ని ముందు పెట్టుకుని పట్టిక రాశాను. చార్టులో లేని గడులకు పాత మానిటరు మీద ఆకారం చూసుకుని, ల్యాప్‌టాప్‌లో సరిపోల్చుకుని పూరించాను. ఇలాంటి పని మనవాళ్లు ఇదివరకే చేశారు. వెబ్‌లో తెలుగు పత్రికలు ఒక్కోటి ఒక్కో ఫాంటు పెట్టుకున్న రోజుల్లో, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే పనిముట్టు ఫైర్‌ఫాక్స్‌కు ఉండేది. ఆ దారి వేసినవాళ్లకు దండం.

చివరికి మాటలు వచ్చాయి. బాబాయి గొంతు అలాగే ఉంది, మాస్టారు ఒక్క మాటా దిద్దలేదు. పెద్ద పుస్తకం కంపోజు చేస్తుంటే కొన్ని ముక్కలు అయిపోయేవట. అన్ని పేజీలకూ సరిపడా టైపు ఏ ప్రెస్సులోనూ ఉండదు. ముందు కొన్ని ఫారాలు అచ్చువేసి, ఆ టైపు విప్పి, కడిగి, ఒక్కో ముక్కనూ మళ్లీ దాని గడిలో వేసుకుంటేనే తర్వాతి ఫారం. ఆ విప్పడం అప్పజెప్పే కుర్రాడికి చెయ్యి కుదురుండాలట. ఒక ముక్క పక్క గడిలో పడిందా, రేపటి పేజీలో తప్పు ఇవ్వాళే పుట్టినట్టు. కవిగారి పుస్తకంలో ఒక వత్తు చాలకపోతే, ప్రెస్సు ఆయన్నే “ఇంకో మాట ఏదన్నా వేద్దామా అండీ” అని అడిగితే, కవిగారు రెండ్రోజులు అలిగి మూడోరోజు మార్చి ఇచ్చారట. గుంటూరు సాహిత్యంలో అలా ఎన్ని మాటలు మారాయో ఎవరు లెక్కపెట్టారు?

ఈ మొత్తంలో నాకు తేలిందొకటే. మిషన్‌లో పదిమంది కూర్చుని ఒప్పుకున్న భాగాలు ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా పిలిస్తే పలికాయి. తీగ పలికింది, అడ్రసు పలికింది, ఎఫ్‌టీపీ పలికింది. ఎవరి దుకాణం వారు పెట్టుకున్నవి మూగబోయాయి. ఫైలు ఫార్మాటు, డాంగిల్, ముఖ్యంగా మన అక్షరాలు. అప్పటికి ఉమ్మడి లెక్క లేక కాదు. మన భాషల్లో చాలావాటికి పనికొచ్చే ఇస్కీ ప్రమాణం 1991లోనే ఉంది. యూనికోడ్ మొదటి విడత కూడా ఆ ఏడాదే వచ్చింది, అందులో తెలుగుకు చోటు ఉంది. కానీ విండోస్‌తోపాటే తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. ఆ పదేళ్లు శుభలేఖలు ఆగవు, ప్రశ్నపత్రాలు ఆగవు. చేతికందిన ఫాంటుతో పని కానిచ్చాం. తప్పు పట్టడానికేమీ లేదు. మాకు కావాల్సింది కాగితం మీద తెలుగు. అది ఆ ఫాంట్లు బ్రహ్మాండంగా ఇచ్చాయి. కాగితం చిరిగిపోయాక ఫైలుతో ఏం చెయ్యాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ రాలేదు.

ఇప్పుడు రావాలి. గుంటూరు, తెనాలి, విజయవాడ, వరంగల్లు, చిక్కడపల్లి, ఎక్కడ చూసినా అటకల మీద ఇలాంటి మిషన్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిల్లో స్థానిక పత్రికలున్నాయి, కుల సంఘాల చరిత్రలున్నాయి, అచ్చై అయిపోయిన, అచ్చే కాని కవిత్వముంది. బ్యాటరీ కారుతూనే ఉంటుంది, అది మన తీరిక చూడదు. ముందు ఆ బ్యాటరీ తీయించండి. డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసి రెండుచోట్ల పెట్టండి. నెట్‌వర్కులో కలపడం ఇవ్వాళ ఒక సాయంత్రం పని, తెలిసిన కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మిషన్ పాత సామాన్లలోకి పోయినా, అద్దానికంటించిన ఆ కీబోర్డు చార్టు మాత్రం ఎవరి దగ్గరన్నా ఉంటే పారేయకండి. బైట్లు తీసుకురావడానికి మార్గాలు చాలా ఉన్నాయి. అవి ఏ అక్షరాలో చెప్పేది ఆ కాగితమొక్కటే.